మెడలోని గుర్తు

మానవుడు తన దైవమును గుడిలోను, మసీదులోను, చర్చిలోను ఉంచి అంతతో తృప్తి చెందలేదు. ఆ దైవమునకు సంబంధించిన ఏదో యొక గుర్తును ఒంటిమీద ధరించి, పనిలోను విశ్రాంతిలోను, మెలకువలోను నిద్రలోను దానిని విడువకుండ తిరుగవలెనని కోరినాడు. జంధ్యము, రుద్రాక్ష, తులసిపూస, లింగకాయ, సిలువ, మరియమాత పతకము, తావీజు, సిక్కుల కడియము, ఇవన్నియు ఆ కోరికనుండి పుట్టినవే. ఆలయమునకు పోవుట పండుగనాటి పని. ఒంటిమీది గుర్తు దినదినపు పని. కావున ఒక సంఘముయొక్క మతము నిజముగా ఎట్టిదో తెలిసికొనగోరువారు, ఆ సంఘపు ఉత్సవములను చూచుటకంటె, అందలి మనుష్యులు మెడలో నేమి కట్టుకొనుచున్నారో, ఎవరిని కట్టుకొననిచ్చుచున్నారో, ఎవరికి వలదనుచున్నారో విచారించుట మేలు.

ఈ విచారమునకు మన తెలుగుసీమ పడమటి అంచుననున్న జహీరాబాదు ప్రాంతము మిక్కిలి అనువైనది. హైదరాబాదునుండి ముంబయికి పోవు రాజమార్గమున, కర్ణాటక సరిహద్దుచెంత చిరాగ్‌పల్లి యను గ్రామమున్నది. ఆ పేరులోని మొదటిమాట పారసీకము, దీపమని యర్థము, రెండవమాట అచ్చతెలుగు. ఊరి పేరువలెనే ఆ ప్రాంతపు జీవితమును కలగలుపైనది. తెలుగు, కన్నడము, ఉర్దూ మూడును అంగడిలో వినవచ్చును. నైజాము రాజ్యమున జహీరాబాదు తాలూకా బీదరు జిల్లాలోనిది. 1956లో రాష్ట్రముల పునర్విభజన జరిగినప్పుడు అందధికభాగము ఆంధ్రప్రదేశమున చేరి మెదకు జిల్లాలో కలిసినది. 2016నుండి సంగారెడ్డి జిల్లాలో నున్నది. గీత మారినను మనుష్యులు మారలేదు. ఝరాసంగములోని కేతకీ సంగమేశ్వరుని గుడికి గీతకు ఇరువైపులనుండియు భక్తులు వత్తురు. ఆ మార్గముననే ఇంకను పడమటికి సాగి హుమ్నాబాదు దాటినచో, నేడు బసవకల్యాణమని పిలువబడు పూర్వపు కల్యాణనగరము సమీపించును. ఒంటిమీది గుర్తును గూర్చి దక్షిణదేశమున జరిగిన మహావివాదములలో మొదటిది అక్కడనే పుట్టినది.

పండ్రెండవ శతాబ్దమున కలచురి బిజ్జలుని కొలువులో బసవేశ్వరుడు భాండాగారాధికారిగా నుండెను. బ్రాహ్మణగృహమున పుట్టిన ఆ మహనీయుడు బాల్యమున ఉపనయనమునే నిరాకరించెనని మన పాల్కురికి సోమనాథుడు బసవపురాణమున వర్ణించినాడు. తన అక్కకు లేని జంధ్యము తనకేల యని ఆ బాలుడు ప్రశ్నించెనని జనశ్రుతి. ఆ కథ యక్షరాల జరిగినదో లేదో గాని, ఆ పిమ్మట అతడును అతని సహచరులును చేసిన పని మాత్రము ఆ ప్రశ్నకు సమాధానమువలె నున్నది. జంధ్యము పుట్టుకచే వచ్చునది, పురుషునికే చెందునది, కొన్ని కులములకే పరిమితమైనది. ఇష్టలింగము గురువు చేతినుండి వచ్చునది, స్త్రీకిని పురుషునికిని సమానముగా చెందునది. గుడిలో స్థిరముగా నుండు లింగమును చూచుటకు కొందరికి గర్భగుడి యెదుటివరకు ప్రవేశము, కొందరికి వాకిలివరకే ప్రవేశము, కొందరికి వీథిలోనే నిలుపుదల. మెడలోని లింగమున కీ మెట్లు లేవు. దానిని అరచేత నుంచుకొని మాదిగయు మంత్రియు ఒక్కరీతినే పూజింపగలరు.

ఈ యిష్టలింగము చిన్నది. లోపల శిలయుండును, దానిపై నల్లని పూత పూయుదురు, గుండ్రని లేక కోలనైన కాయలో నుంచి, శివదారమను త్రాటితో మెడనుండి ఱొమ్ముమీదికి వ్రేలాడదీయుదురు. పసిబిడ్డకు సహితము దానిని కట్టుదురు. మరణించినప్పుడు దేహమును దహింపక, కూర్చున్నరీతిని సమాధిచేసి లింగమును దానితోనే యుంచుదురు. దానిని పోగొట్టుకొనుట ప్రాణము పోగొట్టుకొనుటతో సమానమని పూర్వపు నిష్ఠాపరులు భావించెడివారు. లింగధారికి జననము, మరణము, రజస్సు, ఉచ్ఛిష్టము, జాతి యను ఐదు సూతకములు లేవని వారి శాస్త్రము. ఈ నిబంధనను మన స్త్రీలు శ్రద్ధతో చదువవలెను. నెలకు మూడుదినములు మూలగదిలో కూర్చుండవలసిన ఆడుదానికి, ఆ దినములందును నీ దైవము నీ ఱొమ్ముననే యుండును, నీకు అశౌచము లేదు అని చెప్పిన మతము పండ్రెండవ శతాబ్దమున మన పొరుగూర నుండెను!

ఆ మాటకు ఎంత మూల్యము చెల్లింపవలసి వచ్చెనో సంప్రదాయము చెప్పుచున్నది. చర్మకార కులమున పుట్టిన హరళయ్య కుమారునకును, బ్రాహ్మణుడైన మధువరసు కుమార్తెకును కల్యాణమున వివాహము జరిగెను. ఇరువురును లింగధారులు గనుక భక్తుల దృష్టిలో అది సమానవివాహము. కొలువువారి దృష్టిలో అది వర్ణసంకరము. ఆ తండ్రులు రాజదండనకు బలియైరి, పట్టణము కలతపడెను, బిజ్జలుడు హతుడాయెను, శరణులు చెదరిపోయిరి. ఇది 1167-68 ప్రాంతపు మాట. మెడలోని గుర్తు సమానమైనంతకాలము లోకము సహించినది. ఆ సమానత్వమును పెండ్లిపందిరిలోనికి తెచ్చినప్పుడే కత్తి దూసినది. ఈ సంగతి జ్ఞాపకముంచుకొనదగినది.

తెలుగుదేశమునకు వచ్చుసరికి ఈ యుద్యమము మరియొక దారి పట్టెను. మల్లికార్జున పండితారాధ్యుని సంప్రదాయమువారైన ఆరాధ్యులు లింగమును ధరించిరి గాని జంధ్యమును విడువలేదు. ఒకే ఱొమ్ముమీద రెండు గుర్తులు: ఒకటి అందరును సమానులనునది, రెండవది అందరును సమానులు కారనునది. దీనిని పరిహసించుట సులభము. కాని సంఘమున ననేకసంస్కరణములు ఇట్లే జరిగినవి. క్రొత్తదారము వేసికొనినవాడు పాతదారమును తెంపుటకు జంకును. ఇక కన్నడదేశముననో, లింగధారులలోనే జంగములని, బణజిగులని, ఇతరులని తెగలేర్పడినవి. ఒకనాడు కులమును చెరపుటకు కట్టిన గుర్తు కాలక్రమమున మరియొక కులమునకు గుర్తుగా మారినది. ఈ ప్రమాదమును ముందే కనిపెట్టినవాడు అల్లమప్రభువు. బయటి లింగమును పట్టుకొని లోపలి యెఱుకను విడిచినవారిని ఆయన తన వచనములందు నిష్ఠురముగా విమర్శించినాడు. గుర్తును ధరించినవారే గుర్తును విమర్శింపగలిగిన ధైర్యము ఆ యుద్యమపు బలము.

నాలుగువందల యేండ్లు గడచిన తరువాత ఇదే వివాదము మరియొక మతమున తల యెత్తినది. 1606లో రాబర్టు డి నోబిలి యను ఇటలీదేశపు జెసూటు పాదిరి మధురకు వచ్చెను. అప్పుడా రాజ్యము తెలుగు నాయకులది. ఆయన తమిళ సంస్కృతములతోపాటు తెలుగును నేర్చెను. పాశ్చాత్యుల వేషమున్నంతవరకు పైకులములవారు తన మాట వినరని తలచి, కాషాయము ధరించి, మూడు బంగారుపోగులును రెండు వెండిపోగులును గల జంధ్యమును సిలువతో కూడ వేసికొనెను. బంగారుపోగులు త్రిత్వమునకు గుర్తులట. దీనిపై తోడి పాదిరులే ఫిర్యాదు చేసిరి. జంధ్యము మతచిహ్నమా, కులచిహ్నమా యనునదే ప్రశ్న. మతచిహ్నమైనచో క్రైస్తవుడు ధరింపరాదు. కులమర్యాదకు మాత్రమే గుర్తైనచో ధరింపవచ్చును. తుదకు 1623 జనవరిలో పదునైదవ గ్రెగరీ పోపు అనుమతి యిచ్చెను. జంధ్యమును దేవాలయమున గాక కథోలిక గురువు చేతినుండి, ప్రార్థనతో, ఆశీర్వాదముతో గ్రహింపవలెనని నియమము పెట్టెను. ఆ శాసనముననే, ఉన్నతకులజులమని గర్వించువారు దేవాలయమున తక్కువపుట్టుకవారిని తృణీకరింపవలదని బతిమాలుకొనెను. ఒకచేత కులపుదారమును మన్నించి, మరియొకచేత కులగర్వమును వారించుట! ఆ బతిమాలుట ఫలింపలేదని తరువాతి చరిత్రయే చెప్పుచున్నది. మిషనులలో పైకులములవారికొక పాదిరి, పరయలకొక పాదిరి, చర్చిలో వేర్వేరు స్థలములు చిరకాలము నిలిచిపోయినవి.

పోపు ప్రతినిధియైన టూర్నన్ పుదుచ్చేరికి వచ్చి, దక్షిణదేశపు క్రైస్తవుల ఆచారములను విచారించి 1704లో ఒక శాసనము వెలువరించెను. అందొక యంశము మన స్త్రీల మెడకు సంబంధించినది. క్రైస్తవవధువులు పిళ్లయారు, అనగా వినాయకుని రూపముగల తాళిని ధరింపరాదు. దానికి బదులు సిలువగాని, క్రీస్తుయొక్క లేక మరియమాతయొక్క రూపముగాని గల పతకమును ధరింపవలెను. నూటయెనిమిది పోగులకు పసుపు పూసిన త్రాడును వలదు. నొసట విభూతియు వలదు. ఈ శాసనముపై నలువది యేండ్లు వాదములు సాగినవి. 1744లో పదునాలుగవ బెనెడిక్టు పోపు దానిని స్థిరపరచెను. ఈ దేశమునకు వచ్చు పాదిరులు ఆ నియమములకు లోబడుదుమని ప్రమాణము చేయవలసి యుండెను. ఆ ప్రమాణమును 1940లో గాని రోము రద్దుచేయలేదు.

నేడు తెలుగు క్రైస్తవగృహములకు పోయి చూడుడు. పసుపుత్రాడును ఉన్నది, తాళియు ఉన్నది. తాళిమీద సిలువయు ఉన్నది. శాసనకర్తలు త్రాటిని తెంపగోరిరి. స్త్రీలు త్రాటి నుంచుకొని బిళ్లను మార్చిరి. రోముకును పుదుచ్చేరికిని నడుమ పెద్దలు వాదించుకొనుచుండగా, ఈ సమన్వయమును సాధించినవారు ఇంటి ఆడువారు. వారి పేరు ఏ గ్రంథమునను లేదు.

కథోలికుల పతకముల చరిత్రయు ఇట్టిదే. పవిత్రవస్తువులను మెడలో ధరించుట క్రైస్తవములో ప్రాచీనాచారము. అయినను నేడు మన దేశమున ఎక్కువగా కనబడు అండాకారపు చిన్నపతకము పందొమ్మిదవ శతాబ్దమునది. 1830 నవంబరు 27వ తేదీన ప్యారిసునగరమున కేథరిన్ లబూరే యను యువసన్యాసిని తనకు మరియమాత దర్శనమిచ్చి, ఆ రూపమున పతకము చేయింపుమని చెప్పెనని తన గురువునకు విన్నవించెను. ఒకవైపు భూగోళముపై నిలిచి చేతులనుండి కిరణములు ప్రసరించు మాత. రెండవవైపు సిలువతో కూడిన ఒక యక్షరము, రెండు హృదయములు, చుట్టును పండ్రెండు నక్షత్రములు. 1832లో తొలిపతకములు తయారైనవి. ఆ సంవత్సరముననే ప్యారిసున కలరా చెలరేగినది. పతకము ధరించినవారు కొందరు బ్రతికి బయటపడిరి. మాత నిష్కళంకతను స్మరింపజేయు పతకమని దాని కర్తలు భావించిరి. జనులు దానికి అద్భుత పతకమని పేరు పెట్టిరి. ఈ పేరుమార్పులోనే మన విచారమంతయు ఇమిడియున్నది. ఇచ్చినవారు స్మరణకై యిచ్చిరి. పుచ్చుకొనినవారు రక్షకై పుచ్చుకొనిరి.

కార్మెలుమాత ఉత్తరీయమును గూడ ఇట్లే చెప్పవచ్చును. రెండు చిన్న ఉన్నిగుడ్డముక్కలను దారములతో కలిపి, ఒకటి ఱొమ్మున, ఒకటి వీపున ఉండునట్లు ధరింతురు. ఇది మఠవాసుల వస్త్రమునకు సంక్షేపరూపము. ఇల్లాలును, కూలివాడును మఠధర్మములో పాలుపొందుటకు సాధనము. గుడ్డకు బదులు పతకమును ధరింపవచ్చునని 1910లో పదవ పయస్ పోపు అనుమతించెను. మన తెలుగునాట విజయవాడ గుణదలకొండమీద 1924లో అర్లాటి పాదిరి మరియమాత ప్రతిమను నెలకొల్పిన తరువాత, ప్రతి ఫిబ్రవరిలో జరుగు తిరునాళ్లకు లక్షలాది జనులు వచ్చుచున్నారు. వారిలో హిందువులు అనేకులు. తలనీలాలిచ్చి, కొబ్బరికాయకొట్టి, పోవునప్పుడు పిల్లల మెడలకు మాత పతకమును కొని కట్టుదురు. ఆ పిల్లవాని మెడలో ఆంజనేయుని బిళ్లయు, తావీజును అంతకుముందే యుండవచ్చును. తల్లికి మతభేదము పట్టదు. బిడ్డకు జ్వరము రాకుండవలెను, అంతే. చిరాగ్‌పల్లి మీదుగా రేయింబగళ్లు సాగు లారీలలో డ్రైవరు ముందర వ్రేలాడు పూసలను, సిలువలను, నిమ్మకాయలను చూచినను ఈ సంగతియే బోధపడును.

దీనిని మూఢత్వమని త్రోసివేయుట తగునా? మతాచార్యులే ఈ ప్రశ్న నెదుర్కొనినారు. 1563 డిసెంబరులో ట్రెంటు మహాసభ, ప్రతిమలలో దైవత్వముగాని శక్తిగాని యున్నదని నమ్మి వానిని ఏమియు కోరరాదనియు, వానికి చేయు గౌరవము వాని మూలమునకే చెందుననియు నిర్ణయించెను. 1992లో వెలువడిన కథోలిక సత్యోపదేశ గ్రంథమును, లోపలి భావము లేక వెలుపలి క్రియయందే శక్తి గలదనుకొనుట మూఢవిశ్వాసమని స్పష్టముగా చెప్పినది. అల్లమప్రభువు చెప్పినదానికిని దీనికిని ఎంత దూరమున్నది? భాష వేరు, దైవనామము వేరు, హెచ్చరిక యొక్కటే.

ఇట్టి హెచ్చరికను మించి, గుర్తునే తీసివేయుడని చెప్పినవారును కలరు. వంగదేశమున కేశవచంద్రసేనుడు బ్రహ్మసమాజపు వేదికనెక్కు ఆచార్యులు జంధ్యము ధరింపరాదని పట్టుపట్టెను. దేవేంద్రనాథ ఠాకూరు తాను జంధ్యమును విడిచినవాడే యయ్యు, ఇతరులను నిర్బంధించుట కంగీకరింపలేదు. ఆ భేదము కారణములలో నొకటియై 1866లో సమాజము రెండుగా చీలెను. మనము ఇరువురి పక్షమును అర్థము చేసికొనవలెను. సమానత్వమును బోధించు నోటిక్రింద అసమానత్వపు దారము వ్రేలాడరాదనుట న్యాయమే. కాని ఇష్టముతో తెంచినదారము సంస్కారము, నిర్బంధముతో తెంచినదారము అవమానము అనుటయు న్యాయమే.

ఈ రెండవన్యాయము నేటి న్యాయస్థానములయెదుట మాటిమాటికి వచ్చుచున్నది. మన రాజ్యాంగపు ఇరువదియైదవ అనుచ్ఛేదము సిక్కులు కృపాణము ధరించుటను వారి మతాచరణలో భాగముగా స్పష్టముగా గుర్తించినది. ఫ్రాన్సుదేశము 2004లో ప్రభుత్వపాఠశాలలందు కొట్టవచ్చినట్లు కనబడు మతచిహ్నములను నిషేధించి, చిన్నపతకములను మాత్రము విడిచిపెట్టినది. ఒక ఆంగ్లవిమానసంస్థలో పనిచేయు స్త్రీ మెడలో సిలువ కనబడునట్లు ధరించుట తన హక్కని వాదింపగా, 2013 జనవరిలో ఐరోపా మానవహక్కుల న్యాయస్థానము ఆమె పక్షమున తీర్పుచెప్పినది. కర్ణాటకమున బాలికల శిరోవస్త్రమును గూర్చిన వివాదమున 2022 అక్టోబరులో సుప్రీముకోర్టు న్యాయమూర్తు లిరువురును భిన్నాభిప్రాయము లిచ్చిరి. 2025 ఏప్రిలులో, చిరాగ్‌పల్లికి పొరుగుననే యున్న బీదరులో, జంధ్యము తీయనన్నందుకు ఒక విద్యార్థిని ప్రవేశపరీక్ష వ్రాయనీయలేదు. బాలునిచే జంధ్యము తీయింపబూనుటను చూచి కోపించువారు, బాలిక శిరోవస్త్రమును తీయించుటను చూచి హర్షింపరాదు. ఆమె పక్షమున కన్నీరు కార్చువారు అతనిని మరువరాదు. తన మెడకొక ధర్మము, పొరుగువాని మెడకొక ధర్మము అనునది ధర్మము కాదు.

అయితే చదువరులారా, పరీక్షాధికారిని, ప్రభుత్వమును విమర్శించుటతో మనపని తీరదు. మన యిండ్లలోనే గుర్తును బలవంతముగా తీయించు ఆచారమొకటి యున్నది. భర్త మరణించిన పదియవనాడు ఆడుదాని మెడలోని తాళిని తెంపుట అనేకచోట్ల ఇంకను జరుగుచున్నది. లింగధారణ కుటుంబములోని స్త్రీ మెడలో రెండు త్రాళ్లుండును. ఒకటి తాళి, అది భర్తతో వచ్చి భర్తతో పోవును. రెండవది శివదారము, అది పుట్టుకతో వచ్చి సమాధిలోనికి తోడువచ్చును. వైధవ్యము దానిని అంటజాలదు. ఆమె ఇంకొకరికి భార్యయైనను, కాకున్నను, ఎవరికిని ఏమియు కాకున్నను, తనకు తానుగా నొక మనిషియని చెప్పు గుర్తు అది. ఎనిమిదివందల యేండ్ల క్రిందట కల్యాణపు శరణులు స్త్రీకిచ్చిన ఆ హక్కును, ఇతర సంఘములవారమైన మనము ఇంకను పూర్తిగా ఇయ్యలేదు.

కావున గుర్తులను ధరించువారిని పరిహసింపవలదు, ధరింపనివారిని నిందింపవలదు. ప్రతిగృహస్థుడును ప్రతిగృహిణియు తమ బిడ్డల మెడలో నేదైన కట్టునప్పుడు మూడు ప్రశ్నలు వేసికొనవలెను. దీని యర్థము బిడ్డకు తెలియజెప్పగలమా? దీనిని కట్టుకొనినవాడు కట్టుకొననివానిని తక్కువవానిగా చూచునా? పెద్దవాడైన తరువాత తీసివేయుటకుగాని, ఉంచుకొనుటకుగాని వానికి స్వేచ్ఛ నిత్తుమా? జ్వరము వచ్చినప్పుడు పతకమునో తావీజునో కట్టిన తల్లి వైద్యుని యొద్దకును తీసికొనిపోయినచో, ఆ పతకము ఆమె ప్రేమకు గుర్తు. వైద్యుని మాని పతకమునే నమ్మినచో, బిడ్డకు కలుగు హానికి పతకము బాధ్యత వహింపదు.

ఈ ప్రశ్నలకు నిష్కపటముగా సమాధానము చెప్పుకొనగలిగిన యింట, మెడలోనిది లింగమైనను, సిలువయైనను, రుద్రాక్షయైనను, ఏమియు లేకున్నను చింతలేదు. చెప్పుకొనలేని యింట ముందుగా విప్పవలసినది దారమును కాదు, దానిని కట్టిన పెద్దల సందేహమును.